చిన్న గోళం మీది వెలుగు

సైన్సు ప్రదర్శనశాలలో మూడో గది ఆయనది. అంటే ఎవరూ ఆయన పేరున రాసివ్వలేదు. ఆ గదిలో తిరిగేవీ, మెరిసేవీ, పిల్లలు పీకి పెట్టేవీ అన్నీ ఆయన చేతుల్లో తయారైనవే. పిల్లలు ఆయన్ని అయస్కాంతం తాతయ్య అనేవారు. మనిషి పుల్లలా ఉండేవాడు. ఫ్యాను వేసినప్పుడు ఆయన మీద ఏదైనా బరువు పెట్టాలని తమ్ముడు ఆటపట్టించేవాడు.

తమ్ముడు సిటీబస్సు డ్రైవరు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. అన్నకు రెండు కిడ్నీలూ పాడై మంచాన పడితే, ఎవరూ అడక్కముందే ఆస్పత్రికి వెళ్లి తనది ఒకటి ఇచ్చేశాడు.

"నాకు రెండున్నాయి కదన్నయ్యా, ఒకటి నువ్వు వాడుకో. నా సైకిల్ పాడు చేసినట్టు మాత్రం చెయ్యకు" అన్నాడు.

అన్న పాడు చేయలేదు. మాత్రలు మానితే, లోపలికొచ్చిన కొత్త కిడ్నీని సొంత ఒళ్లే చంపేస్తుందని డాక్టరు చెప్పాడు. ఏళ్లు గడిచినా ఆయన ఒక్క పూట తప్పలేదు.

ఒకసారి ప్రదర్శనశాల మేడమ్ కొత్త నమూనా కావాలంది. "తెల్ల మరుగుజ్జు అని ఒక నక్షత్రమండీ. లోపల మండాల్సిందంతా మండిపోయింది. చూస్తే మన భూమంతే ఉంటుంది, బరువు మాత్రం సూర్యుడంత. పక్కనే ఒళ్లున్న ఎర్ర నక్షత్రం తిరుగుతుంటుంది. దాని వాయువును ఇది లాక్కుంటూ ఉంటుంది."

ఆయన ముందు, తూములోకి దిగే నీళ్లలా సుడి తిరిగి పడేట్టు చేశాడు. మేడమ్ ఒప్పుకోలేదు.

"చాలావాటికి అలాగేనండీ. ఈ రకానికి అయస్కాంత శక్తి మరీ ఎక్కువ, సుడి కట్టనివ్వదు. ఆ శక్తి ఎటు లాగితే అటే వచ్చి ధ్రువాల దగ్గర పడుతుంది. పడినచోట భగ్గుమంటుంది. మనకు కనబడేది ఎక్కువగా ఆ వెలుగే."

అప్పుడు ఎర్రగోళం నిండా ఇనుపరజను పోసి, చిన్న ఉక్కుగోళంలో కరెంటు అయస్కాంతం బిగించాడు. బటన్ నొక్కితే రజను గాల్లో వంపు తిరిగి వెళ్లి చిన్నగోళం నెత్తినా, అడుగునా అంటుకునేది. అక్కడ బల్బులు వెలిగేవి. సాయంత్రం ఆయన అయస్కాంతం ఆపి, రాలిన రజనంతా ఎత్తి మళ్లీ ఎర్రగోళంలో పోసేవాడు.

తమ్ముడు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "మరి ఆ లావుపాటాడి గతేంటన్నయ్యా?"

"చిక్కిపోతూ ఉంటాడట."

"అదృష్టవంతుడు! నేను తిండి మానేసినా చిక్కట్లేదు" అని గది దద్దరిల్లేలా నవ్వాడు. అన్నకు నవ్వు రాలేదు.

కొన్నాళ్లకు తమ్ముడికి మిగిలిన ఒక్క కిడ్నీ కూడా చెడింది. అన్న డాక్టరు కాళ్లావేళ్లా పడ్డాడు. "నాలో ఉన్నది వాడిదే కదండీ. వాడిది వాడికి పెట్టెయ్యండి." అది పాతబడిపోయిందనీ, ఇప్పుడు కదిలిస్తే ఇద్దరికీ దక్కదనీ డాక్టరు చెప్పాడు. వేరొకరిది దొరికేలోపే తమ్ముడు పోయాడు. ఆఖరున ఎముకలగూడైన తమ్ముడి చేతిని పట్టుకుంటే, అన్నకు తన చెయ్యే లావుగా కనిపించింది.

ఆ మర్నాటి నుంచి ఆయన మాత్రలు ముట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. బతికుండటానికి సిగ్గేసింది, అంతే. ఇలాంటి సిగ్గుకు నెత్తిన నాలుగు మొట్టికాయలు వెయ్యాలి. వేసే చనువున్నవాడు ఒక్కడే, వాడే లేడు.

ఓ సాయంత్రం మరదలు ప్రదర్శనశాలకు వచ్చింది. పిల్లలంతా వెళ్లిపోయారు. ఆయన అయస్కాంతం ఆపబోతున్నాడు.

"ఉండనివ్వండి బావగారూ, చూస్తాను" అంది. కానీ చూసింది ఆయన ముఖం వంక. "మొహం ఉబ్బిందేంటి?"

"నిద్ర లేదమ్మా."

"ఆయనకూ మొదట ఇలాగే ఉబ్బింది. నిద్ర లేకే అన్నారు." దగ్గరికొచ్చి అడిగింది. "మాత్రలు వేసుకుంటున్నారా?"

ఆయన తల దించుకున్నాడు. ఆమెకు అర్థమైంది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె చేతులు జోడించింది.

"ఆయన మొత్తం పోయారనుకుంటున్నారా? ఆయనలో ఇంకా బతికున్నది అదొక్కటే బావగారూ. దాన్ని కూడా చంపేస్తారా?"

ఆయన స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. చివరికి సొరుగు లాగి మాత్రల అట్ట తీశాడు. కళ్ల నిండా నీళ్లతో మాత్ర ఊడదీయలేకపోయాడు. మరదలే ఊడదీసి అరచేతిలో పెట్టి, మంచినీళ్లిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత చెయ్యి పట్టుకుని లేపి, ఆస్పత్రికి బయల్దేరదీసింది.

ఆ తొందరలో అయస్కాంతం ఆపడం ఇద్దరూ మరిచిపోయారు. తాళం వేసిన గదిలో చిన్నగోళం మీద బల్బులు వెలుగుతూనే ఉన్నాయి.