పదిహేడో తారీఖు గడి

పొద్దున్న మా మరిదిగారు, అంటే మా చెల్లెలి భర్త, ఫోను చేసి, "రేపు మీ చెల్లికి గుండె ఆపరేషనండీ వదినగారూ, ప్రార్థనలో పెట్టండి" అన్నప్పటి నుంచి కాలెండరు ముందు కూర్చోవడం, లేవడం, వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో మరిచిపోయి తిరిగి రావడం, ఇదే నా పని. పెన్సిలు మాత్రం చేతిలోనే ఉంది.

ఇప్పటివాళ్ళకి వింతగా ఉంటుందేమో గానీ, మా ఇంట్లో ప్రార్థనంటే బొమ్మ గీయడమే. కొత్తపేట దగ్గర ఊడ్పులకి వెళ్ళి మమ్మల్ని చదివించిన మా అమ్మకి అక్షరం ముక్క రాదు. కళ్ళు మూసుకుంటే చాలు మనసు కోతిలా గెంతుతుందని, కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చిన కాలెండరులో ఒక్కో తారీఖు ఒక్కొక్కరికి కేటాయించి, ఆ రోజు వాళ్ళకేం కావాలో ఆ గడిలో గీస్తూ దేవుడితో మాట్లాడేది. నాన్న దగ్గుకి కషాయం గ్లాసు, అన్నయ్య పరీక్షలకి కలం. పాస్టరు అయ్యగారి గడిలో ఒట్టి చైను గీస్తే, ఇంటికొచ్చినప్పుడు ఆయన చూసి, "సైకిలేదమ్మా?" అని నవ్వారు. "అస్తమానూ ఊడిపోయేది చైనే కదండీ" అంది అమ్మ.

అమ్మ పోయాక ఆ కాలెండర్లన్నీ దాచుకుందామనుకున్నాను. ఈలోగా చెల్లెలు, కాగితం దళసరిగా ఉందని, వాటిని చింపి తన పిల్లల పుస్తకాలకి అట్టలు వేసేసింది. చిన్నప్పుడు మేమందరం చేసిన పనే అది, అయినా ఆ రోజు దాన్ని అనరాని మాటలన్నాను, అమ్మ ప్రార్థనల్ని చింపిన చెయ్యి పడిపోతుందన్నాను. నోరు జారాక వెనక్కి తీసుకోగలమా! పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఏటేటా కొత్త కాలెండరులో అందరికీ గీస్తూ, అమ్మ దానికిచ్చిన పదిహేడో తారీఖు గడిని మాత్రం ఖాళీగా వదిలేస్తూ వచ్చాను, అదేదో పెద్ద భక్తి అయినట్టు. అమ్మ కాగితాల కోసం పోట్లాడి అమ్మ ప్రార్థనని పారేసుకున్నది నేనే.

ఇప్పుడు ఆ గడిలో పెన్సిలు ఆనిస్తే చెయ్యి కదలడం లేదు. గుండె సంగతి డాక్టర్లు చూసుకుంటారు, కానీ చెల్లికేం కావాలి? కళ్ళజోడు వచ్చిందా, ఉరుమంటే ఇంకా భయమేనా, ఆపరేషను గదిలోకి వెళ్ళేటప్పుడు ఎవరు పక్కనుంటే బాగుండుననుకుంటోంది, ఏదీ తెలియదు. ఆ రోజుల్లో మా పేటలో ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చిందో పొయ్యి ముందు నుంచి లేవకుండానే తెలిసేది. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో ఫోనులో ప్రార్థించమని అడుగుతుంటే పేరైనా చదవకుండా అందరికీ "ఆమెన్" అని పంపుతున్నాను. నా తోడబుట్టినదానికి ఏం కావాలో అడుగుదామంటే, పొద్దున్న చేసిన మరిదిగారి నంబరే తప్ప నా దగ్గర దాని నంబరైనా లేదు.