మైకమ్మ గదిలోని పొగ

ఆమె మొహం ఊళ్లో ఎవరికీ తెలియదు. గొంతు తెలియనివాళ్లు మాత్రం లేరు. ఇరవై మూడేళ్లుగా బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో చెబుతూ వచ్చింది. కూరగాయల కొట్లో "అరకిలో వంకాయలు ఇవ్వు బాబూ" అనగానే పక్కనున్నవాళ్లు తల తిప్పి, "మిమ్మల్ని ఎక్కడో చూశామండీ" అనేవారు. "చూసి ఉండరు, విని ఉంటారు" అని నవ్వి సంచీ సర్దుకుని వచ్చేసేది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె మైకమ్మే.

తల్లీ తండ్రీ ముందూ వెనకగా పోయాక చెల్లెల్ని చదివించి, పెళ్లి చేసి పంపింది. తన పెళ్లి మాట ఎత్తేవాళ్లు మొదట్లో బాగానే ఉండేవారు. పోను పోను తగ్గారు. ఆ తరువాత ఆ మాట ఎత్తితే బాగుండదేమోనని పూర్తిగా మానేశారు. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. చెల్లెలు ఆదివారం ఫోన్ చేసేది. పగలంతా వేలమందికి దారి చెప్పిన గొంతుకు, సాయంత్రం ఇంటి తాళం తీసిన దగ్గర్నుంచి పొద్దున మళ్లీ తాళం వేసేదాకా పనే ఉండేది కాదు.

మైకు గది విశ్రాంతి హాలు మూలన ఉండేది. మూడు వైపులా అద్దాలు, ముందు అద్దంలో ప్రయాణికులు అడిగేది వినబడడానికి చిల్లు. ఆ చిల్లు కిందనే సిమెంటు బెంచీ. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డ్రైవర్లూ కండక్టర్లూ అక్కడే చేరేవారు. ఒకరు వెలిగించిన సిగరెట్టుతో ఇంకొకరు వెలిగించుకునేవారు. ఆ పొగంతా ఎవరో దారి చూపించినట్టు తిన్నగా చిల్లులోంచి లోపలికి వచ్చేది.

లోపల ఇంకొక సిగరెట్టు ఉండేది. అది కంట్రోలర్ గారిది. బస్సుల వేళలు రాసుకునే ఆయన బల్ల మైకమ్మ బల్లకు ఆనుకునే ఉండేది. ఆయన భార్య పోయి పన్నెండేళ్లయింది. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా బస్సులు పలచబడతాయి. ఆ గంటన్నరే ఇద్దరూ మాట్లాడుకునే సమయం. పెద్ద విషయాలేమీ ఉండేవి కావు. ఏ డ్రైవరు బస్సు గోడకు రాశాడు, చెల్లెలి కొడుక్కి లెక్కలు ఎందుకు రావడంలేదు, కందిపప్పు ఎక్కువసేపు ఉడికించాలా తక్కువసేపా, ఇలాంటివే. మైకమ్మ దగ్గితే ఆయన చటుక్కున సిగరెట్టు డబ్బా మూతలో నలిపేసి, "ఇదే ఆఖరిదండీ, ఒట్టు" అనేవాడు.

"మీ ఒట్లన్నీ పోగేస్తే ఈపాటికి గదికి పైకప్పు వేయొచ్చు" అనేది ఆమె.

రేపు ఆయనతో ఏం చెప్పాలో రాత్రి అన్నం తింటూ ఆలోచించుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలియవలసిన అవసరం ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

గొంతు ఒక్కరోజులో పోలేదు. మొదట పొద్దున్నే బొంగురుగా ఉండేది. వేణ్ణీళ్లు తాగితే సర్దుకునేది. తరువాత మధ్యాహ్నానికీ సర్దుకోవడం మానేసింది. ఒకనాడు పదకొండింటి బస్సు ప్లాట్‌ఫారం మారిందని చెప్పడానికి మీట నొక్కి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. కీచుమన్న చప్పుడొకటి హాలంతా మోగింది. బెంచీ మీదివాళ్లు నవ్వారు. మారిన సంగతి తెలియక పాత చోటే నిలబడ్డ ఒక ముసలావిడ కళ్లముందే బస్సు వెళ్లిపోయింది. ఆవిడ చిల్లు దగ్గరికొచ్చి, "ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయిందమ్మా?" అంది. జవాబు చెప్పడానికి మైకమ్మకు గొంతు లేదు. రెండు చేతులూ జోడించి ఊరుకుంది.

డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం దించి చూశాడు. "రోజుకెన్ని కాలుస్తారు?" అన్నాడు.

"జన్మలో ముట్టుకోలేదండీ" అంది గుసగుసగా.

"మరి ఇంట్లో ఎవరు కాలుస్తారు?"

"ఇంట్లో ఎవరూ లేరండీ."

ఆయన అదే మాట కాగితం మీద రాసుకున్నాడు. ఎక్కడ పనిచేస్తారని అడిగాడు, చెప్పింది. స్వరతంతువుల మీద వాపుందనీ, మూడు వారాలు పెదవి విప్పవద్దనీ, ఆ తరువాత కూడా ఆ పొగలోనే కూర్చుంటే గొంతుకు తాను పూచీపడలేననీ చెప్పాడు.

మూడు వారాల సెలవులో ఆమె మౌనంగా ఉండడం ఇరుగుపొరుగులో ఎవరికీ తెలియనే లేదు. తెలిసే అవకాశం ఎక్కడిది? పాలవాడు వచ్చి పాలు పోసి వెళ్లేవాడు. చెల్లెలు ఫోన్‌లో తానే మాట్లాడి, "ఊఁ అనకు, వింటూ ఉంటే చాలు" అంది. చివరి వారంలో మైకమ్మ బస్టాండు మేనేజరుకు అర్జీ రాయడానికి కూర్చుంది. "విశ్రాంతి హాలులోనూ సిబ్బంది గదుల్లోనూ పొగ తాగడం ఆపించవలసిందిగా" అని రాసింది. "సిబ్బంది గదుల్లోనూ" అన్న మాట కొట్టేసింది. లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి, వేరే కాగితం తీసి, మళ్లీ మొత్తం ఆ మాటతో సహా రాసింది.

పనిలో చేరిన మొదటి రోజునే, రెండు దాటాక, కాగితం సంతకానికి కంట్రోలర్ గారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"దస్తూరీ బాగుంది" అన్నాడు ముందు. తరువాత కళ్లజోడు తీసి, "సిబ్బంది గదులంటే ఇదీ అందులోకే వస్తుంది కదండీ?"

"వస్తుందండీ."

"సంతకం పెడితే అబద్ధమాడినట్టు అవుతుంది. పెట్టకపోతే మీకు ఎదురుతిరిగినట్టు అవుతుంది. నా పేరు వదిలేయండి మైకమ్మగారూ."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

మిగతావాళ్లు అంత మెత్తగా లేరు. ఊడ్చే మనిషి, ఇద్దరు ఆడ కండక్టర్లు, రోజూ వచ్చిపోయే కొందరు ప్రయాణికులు సంతకాలు పెట్టారు. మేనేజరు అందరినీ పిలిచి మాట్లాడించినప్పుడు డ్రైవర్లలో పెద్దవాడు లేచాడు. వేళాకోళంలో అతనికి సాటి లేరు.

"పొమ్మనలేక పొగ పెడతారంటారు. మా మైకక్క పొగ ఆర్పి పొమ్మంటోంది" అన్నాడు. అందరూ నవ్వాక గొంతు మార్చాడు. "అక్కా, పన్నెండు గంటలు స్టీరింగు పట్టుకుంటాం. రెప్ప వాలకుండా ఆపేది ఆ దమ్మొకటే. మా వెనక యాభైమంది ఉంటారు. దాన్నీ లాగేసుకుంటే మేమేమైపోవాలి?"

మాట నిజమేనని ఆమెకూ తెలుసు. తలనొప్పితో బస్సు దిగి, గోడకు చేరగిలబడి, మొదటి దమ్ముతో ఆ మనుషుల మొహాలు ఎలా తేలికపడతాయో అద్దంలోంచి ఇరవై మూడేళ్లు చూసింది. అయినా లేచి నిలబడింది. చేతిలో మైకు లేదు. గొంతు గరుకుగా వచ్చింది.

"తాగొద్దనడానికి నేనెవర్ని అన్నా? నీ దమ్ము నీది. నువ్వు వదిలింది నేను పీల్చాల్సి వస్తోంది, అదీ నా బాధ. హాల్లో చంటిపిల్లల్ని ఎత్తుకుని కూర్చుంటారు. వాళ్లకి లేచిపోయే చోటు లేదు, నాకూ లేదు. బయట ఆకాశం అంత ఉంది కదా, అక్కడ తాగు."

మేనేజరు ఎటూ తేల్చలేక కాగితాన్ని పైవాళ్లకు పంపాడు. రెండు నెలల తరువాత ఉత్తర్వు వచ్చింది. ఆమె అడిగింది హాలు, గదులు. వచ్చింది ఆవరణ మొత్తానికి నిషేధం. గేటు లోపల ఎక్కడ వెలిగించినా జరిమానా. వడ్డించమంటే గిన్నె బోర్లించినట్టయింది. పైగా ఆ ఉత్తర్వును మైకులో చదవాల్సింది ఆమే.

కాగితం పట్టుకుని ఆమె తటపటాయిస్తుంటే కంట్రోలర్ గారే మీట మీద వేలు పెట్టాడు. "చదవండి. మీ గొంతైతేనే నలుగురూ వింటారు" అని నొక్కాడు. ఆమె చదువుతున్నంతసేపూ ఆయన డబ్బా మూతలోని బూడిద చెత్తబుట్టలో పోసి, కుళాయి దగ్గర కడిగి, తుడిచి, ఆమె బల్లమీద బోర్లించాడు. తరువాత "అలా గేటు దాకా వెళ్లొస్తా" అని లేచాడు.

గేటు దగ్గరకు అయిదు నిమిషాల నడక. పోను అయిదు, రాను అయిదు, అక్కడ మాటల్లో పడితే గంటకు పైనే. డ్రైవర్లంతా గేటు బయట చెట్టు కిందే చేరేవారు. రెండు గంటలు కాగానే ఆయన కుర్చీ ఖాళీ అయ్యేది. మూడున్నరకు వచ్చి వేళల కాగితం చేతికిచ్చి, "నాలుగో నంబరు పది నిమిషాలు లేటండీ" అనేవాడు. అంతే. ఆయన అలగలేదు. ఆమెను తప్పించుకోనూ లేదు. ఆయన విశ్రాంతి ఆ గదిలోంచి లేచి గేటు బయటికి వెళ్లిపోయింది, దాని వెంట మాటలూ వెళ్లిపోయాయి.

గది శుభ్రపడింది. అద్దాలకు పట్టిన పసుపు జిడ్డును ఊడ్చే మనిషి సబ్బునీళ్లతో కడిగింది. బెంచీ మీద తల్లులు పిల్లలకు పాలు పట్టసాగారు. ఒకామె చిల్లు దగ్గర వంగి, "మావాడికి ఆయాసమండీ, ఇదివరకు ఎండలో నిలబడేదాన్ని, ఎవరో మహానుభావులు పుణ్యం కట్టుకున్నారు" అంది. ఆ మహానుభావులు తానేనని మైకమ్మ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆ మాటనే నెమరువేసుకుంది. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఒకరోజు ఉండబట్టలేక తానే గేటు దాకా నడిచింది. చెట్టు కింద నవ్వులు దూరానికే వినబడ్డాయి. దగ్గరకొచ్చేసరికి ఒక్కొక్కరూ సర్దుకున్నారు. పెద్ద డ్రైవరు చేయి వీపు వెనక్కి పోయింది, హెడ్‌మాస్టరమ్మ వచ్చినట్టు. కంట్రోలర్ గారు, "ఏమండీ, ఏదైనా బస్సు ఆగిందా?" అన్నాడు.

"లేదండీ, ఊరికే. గాలికి."

కాసేపు నిలబడి, రోడ్డు అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చేసింది. సగం దూరం వచ్చాక నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. తన గురించి కాదని ఆమెకు తెలుసు. తన గురించే అయినా అంత బాధ ఉండేది కాదేమో.

ఏడాది తిరిగేసరికి కంట్రోలర్ గారు రిటైరయ్యాడు. ఆఖరి రోజున మధ్యాహ్నం గేటుకు వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని బల్ల సొరుగు ఖాళీ చేస్తూ, తల ఎత్తకుండా అన్నాడు: "మీరు చేసింది తప్పు కాదండీ. ఈ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది. దగ్గినప్పుడల్లా ఆర్పేసేవాణ్ని కానీ, మళ్లీ వెలిగించకుండా ఉండలేకపోయాను."

"నేను కూడా ఇంకోలా రాసుంటే..." అంది ఆమె.

"ఇంకోలా రాస్తే ఎవరూ చదవరు" అన్నాడాయన.

మూడు నెలల తరువాత ఒక సెలవురోజు ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. కొడుకూ కోడలూ ఉండే మూడంతస్తుల భవనం. ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, వేళ్ల మధ్య సిగరెట్టు. ఆమెను చూసి లేచాడు. "ఇంట్లో కుదరదండీ, మనవరాలుంది. నా చోటు ఇదే" అని, గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ తగలని వైపున పై మెట్టు మీద తువ్వాలు పరిచాడు. ఆమె కూర్చుంది. సిగరెట్టు ఆర్పబోతే, "కానీయండి, ఇక్కడ గాలాడుతోంది" అంది.

దాదాపు గంట మాట్లాడుకున్నారు. చెల్లెలి కొడుకు లెక్కల్లో గట్టెక్కాడని చెప్పింది. కొత్త కంట్రోలరు పొగ తాగడనీ, మాట కూడా ఆడడనీ, చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోన్ చూసుకుంటాడనీ చెప్పింది. బెంచీ దగ్గర ఆ తల్లి అన్న మాట చెప్పింది. ఏడాది పాటు కడుపులో దాచుకున్న మాట అది. ఆయన విని, "చూశారా మరి" అన్నాడు తృప్తిగా, ఆ పుణ్యంలో తనకూ వాటా ఉన్నట్టు.

ఇంతలో కోడలు తలుపు తీసి, "మామయ్యా, అన్నం చల్లారిపోతోంది" అని, ఆమెను చూసి, "ఎవరండీ?" అంది.

"మా బస్టాండులో పనిచేసే ఆవిడ" అన్నాడాయన.

"లోపలికి రండి" అంది కోడలు, తలుపు సగం పట్టుకుని.

"లేదమ్మా, ఇటు పోతూ ఊరికే పలకరించాను" అని మైకమ్మ లేచింది. తువ్వాలు మడిచి మెట్టు మీద పెట్టింది. ఆయన వీధి చివరి దాకా వస్తానన్నాడు. అన్నం చల్లారిపోతుందని ఆమే వద్దంది.

మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. వెళ్లకూడదని కాదు, ఏం చెప్పి వెళ్లాలో తోచలేదు. గొంతు ముప్పావువంతు తిరిగొచ్చింది. పై స్థాయి పలకదు, కానీ హాలు చివరికి వినబడుతుంది. మళ్లీ ఆ రోజే వస్తే అర్జీ రాస్తావా అని చెల్లెలు ఒక ఆదివారం అడిగింది. "రాస్తానే" అంది వెంటనే. ఫోన్ చెవికి పెట్టుకునే లేచి ఇల్లంతా ఒకసారి తిరిగింది. "ఏంటక్కా, ఉన్నావా?" అంది చెల్లెలు.

"ఉన్నాను" అంది మైకమ్మ. "నువ్వే ఏదైనా చెప్పు, వింటాను."