రాయమల్లు వేసిన కేక

రాయమల్లు భుజం మీద నిమ్మకాయంత కాయ ఉండేది. దొరవారి మేనా కర్ర పెట్టిన కాయ అది. పద్దెనిమిదేళ్ల పాటు ముందు కర్ర మోసినవాడికి ఆ మాత్రం కాయకపోతే ఎట్లా?

వాళ్లది ఖానాపూర్ అవతల అడవిలో పల్లె. మేనాకు బోయీలు నలుగురు, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. వెనకవాళ్లకు మేనా అడ్డం, దారి కనపడదు. అందుకని ముందువాడే వాళ్లకు కళ్లు. "ముల్లు!" అని, "జారుడు!" అని, "ఎడమకు!" అని చెప్పుకుంటూ పోవాలి, వెనక్కి మాత్రం తిరగకూడదు. ఆ కేకలో రాయమల్లును మించినవాడు చుట్టుపక్కల లేడు. ఏటా కార్తీకంలో శ్యాంసుందర్‌రావు దొరను భీమన్న గుట్ట ఎక్కించేది అతనే. ఎక్కించేది అన్నానే గానీ, కొస దాకా కాదు. చివరి మలుపులో మేనా దించి బోయీలు అక్కడే కూర్చోవాలి. దొర ఒక్కడే పైకి పోయి మొక్కి వస్తాడు. పద్దెనిమిదేళ్లు ఎక్కీ గుట్ట నెత్తి చూడని మనిషి! ఇదేం న్యాయమో ఆ భీమన్నే చెప్పాలి.

పోలీసు యాక్షన్ అయిన మూడో ఏడు. వెట్టి బందయిందని డప్పు కొట్టి మరీ చెప్పారు. డప్పు ఆగింది గానీ వెట్టి ఆగలేదు. కార్తీకం రాగానే మేనా ఎత్తాలని దొర గడీ నుంచి కబురొచ్చింది.

"నేను రాను," అన్నాడు రాయమల్లు. "గీ యేడు నేనే పోయి దేవుణ్ణి చూసొస్త. నా కాళ్లతోని, నా పెండ్లాంతోని."

దొర మండిపడ్డాడు. "గుట్ట నెత్తి మీద వాని కాలు పడితే, పొద్దుగూకేలోపు వాని గుడిసె పీకిపిస్త!" అన్నాడు. గుడిసె ఉన్నది దొర జాగాలో. గోడలు మెత్తింది దేవవ్వ, కప్పు వేసింది రాయమల్లు. అయినా జాగా దొరదే కదా!

"ఏమంటవే?" అని పెళ్లాన్ని అడిగాడు.

"సద్ది కట్టిన. నడువు," అంది దేవవ్వ.

కోడి కూసే వేళకు బయలుదేరి, పొద్దు బారెడెక్కేసరికి గుట్ట మొదట్లో ఉన్నారు. భుజం మీద బరువు లేకపోయేసరికి రాయమల్లుకు నడకే కుదరలేదు, ఒక పక్కకు ఒరుగుతూ పోయాడు. పైగా పాత అలవాటు. "ముల్లు! రాయి!" అని అరుస్తూనే ఉన్నాడు.

"నాకు కండ్లున్నయ్ గనీ నోరు మూసుకొని ఎక్కు," అంది దేవవ్వ. ఇద్దరూ నవ్వుకున్నారు.

చివరి మలుపు దాటాక కింద అలికిడి వినపడింది. మేనా వస్తోంది. ముందు కర్ర కింద నాగయ్య ఉన్నాడు, రాయమల్లు మేనమామ కొడుకు. పాపం, వెనక కర్ర తప్ప ఎరగనివాడు. వానలకు దారి మీద కొత్తగా ఒక బండ జారి నిలిచింది. అది ఊగుతోందని పైనుంచి రాయమల్లుకు తెలుస్తూనే ఉంది, నాగయ్య మాత్రం తిన్నగా దాని మీదికే పోతున్నాడు.

చెప్తే మళ్లీ మేనా మోసినట్టే. చెప్పకపోతే మేనమామ కొడుకు కాలు విరుగుతుంది. రాయమల్లు ఉండబట్టలేకపోయాడు. తన కుడిచేతి వైపు గట్టి నేల చూసి, "కుడికి! నాగయ్యా, కుడికి!" అని గుట్ట అదిరేట్టు కేక వేశాడు.

నాగయ్య కుడికే పోయాడు, తన కుడికి. అక్కడ ఉన్నది రేగుకంప. రాయమల్లు జన్మలో ఎన్నడూ వెనకవాళ్ల మొఖం చూస్తూ కేక వేసినవాడు కాదు. ఎదురెదురుగా నిలబడితే ఒకరి కుడి ఇంకొకరికి ఎడమవుతుందన్న ముచ్చట ఆ క్షణాన తట్టలేదు. మేనా ఒరిగింది. దొర జారి, శాలువాతో సహా కంపలో కూర్చున్నాడు. నాగయ్య మోకాలు చీరుకుపోయింది.

"అయ్యో!" అని రెండడుగులు కిందికి దిగబోయి, దేవవ్వ చెయ్యి పట్టుకుని ఆపితే ఆగాడు. నాగయ్య లేచి నిలబడ్డాకే ఇద్దరూ పైకి ఎక్కారు.

నెత్తి మీద ఉన్నది కాసింత చదును, పసుపు పూసిన ఒక రాయి, అంతే. కానీ గాలి! కింద గోదావరి, అడవి, చాలా దూరాన తన గుడిసె. రాయమల్లు కొబ్బరికాయ కొట్టి, చేతులెత్తి నిలబడి బొటబొటా ఏడ్చాడు.

దొర నడిచే వచ్చాడు. ధోవతికి ముళ్లు, మొఖం నిండా చెమట. వెనకే నాగయ్య కుంటుతూ, మిగతా బోయీలు బెదురుతూ వచ్చి మొదటిసారి అక్కడ నిలబడ్డారు.

"కావాల్ననే గట్ల ఒర్రినవ్ గదరా?" అన్నాడు దొర రొప్పుతూ. దొర చుట్టూ చూశాడు, దిగాల్సిన దారి వంక చూశాడు, గొంతు తగ్గించాడు. "తప్పయిందను. దిగేటప్పుడు ముందు కర్ర పట్టు. నీ గుడిసె జోలికి రాను."

నిజానికి అది తప్పే, పొరపాటే. ఒక్క మాట అంటే చాలు, అబద్ధం కూడా కాదు. దేవవ్వ గుడిసె దిక్కు చూసి మొగుడి దిక్కు చూసింది.

"కావాల్ననే ఒర్రిన దొరా," అన్నాడు రాయమల్లు.

నాగయ్య కర్ర ఒత్తుకోకుండా భుజం మీద పెట్టుకున్న గుడ్డచుట్ట తీసి కింద పారేశాడు. మిగతావాళ్లూ పారేశారు. దొర ఆ రోజు గుట్టంతా నడిచే దిగాడు. గుడిసె పొద్దుగూకకముందే నేలమట్టమైంది. దేవవ్వ వాసాలు ఏరి మోపు కట్టింది. ఆ రోజు మేనా మోసిన నలుగురు బోయీలూ వాళ్లతోపాటే బెల్లంపల్లి బాట పట్టి బొగ్గుబాయిలో కుదిరారు.

దేవవ్వ ఆ సంగతి చాన్నాళ్లు ఎత్తలేదు. పదేళ్లకు, ఒక ఆదివారం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"నిజం చెప్పు. గా దినం కావాల్ననే ఒర్రినవా?"

"లేదే, పొరపాటే. నాగయ్య మోకాలు జూసి నా పానం గిలగిల కొట్టుకున్నది."

"మరి గా ఒక్క మాట అంటే గుడిసె దక్కుతుండె గదయ్యా!"

"చెయ్యని తప్పులకు పద్దెనిమిదేండ్లు తప్పయింది దొరా అన్ననే," అన్నాడు రాయమల్లు. "చేసిన గా ఒక్క తప్పునన్న నా దగ్గర ఉంచుకోనియ్యి."