మెట్ల కింద మోత

దేశ రాజధానిలోని లక్ష్మీ నగర్‌లో తెలుగు విద్యార్థులుండే హాస్టల్‌కి మాణిక్యం కేర్‌టేకరు. కరెంటు పోతే కంగారుపడడు. జనరేటర్‌ని ఈడ్చుకెళ్లి, దాని పొగ గదుల్లోకి రాకుండా కిటికీలకు దూరంగా, వీధి మలుపులో పెడతాడు. పెట్రోలు అయిపోతే ఇంజను దగ్గర ముంజేయి పెట్టి వేడి చూసుకుని, పూర్తిగా చల్లారాకే పోస్తాడు. “ఈలోగా మా ప్రిలిమ్స్ అయిపోతాయంకుల్” అని కుర్రాళ్లు వేళాకోళం చేస్తే మీసాల్లో నవ్వుకుంటాడు తప్ప తొందరపడడు.

నవంబరులో ఓ మధ్యాహ్నం కూరగాయలతో తిరిగొస్తుంటే జనరేటర్ మోత వినబడింది. వీధిలోంచి కాదు, ఇంట్లోంచి. సంచి అక్కడే పడేసి పరుగెత్తాడు. చినుకులు పడుతున్నాయని ఎవరో జనరేటర్‌ని మెట్ల కింద పెట్టారు; దాని పొగంతా మెట్ల మీదుగా పైకి పోతోంది. దాన్ని ఆపేసి, వీధి తలుపు బార్లా తెరిచి, పైకెళ్లాడు. అందరూ కోచింగుకి పోగా, ఒక్క భరద్వాజ్ గదికే లోపల గడియ ఉంది.

“బాబూ, తలుపు తియ్యి! బాబూ!”

పలుకు లేదు. భుజంతో నాలుగుసార్లు గుద్దితే గడియ ఊడింది. బయటి కాలుష్యం రాకుండా కిటికీ సందులన్నిటికీ టేపు అంటించి ఉంది. గాలి శుభ్రం చేసే మిషను పక్కనే భరద్వాజ్ ముడుచుకుపోయి ఉన్నాడు. మాణిక్యం అతణ్ణి చంకల కింద పట్టి బాల్కనీలోకి లాగి, అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

కాసేపటికి భరద్వాజ్ కళ్లు తెరిచాడు.

“తల పగిలిపోతోందంకుల్... జనరేటరెందుకు ఆపేశారు? ఆ మిషన్ కోసమే పెట్టాను. బయట గాలంతా విషం కదా!”

మాణిక్యం భుజం మీది తువ్వాలు తీసి, ఆ బయటి గాలినే అతని ముఖానికి విసరసాగాడు.