శిరస్తాదారు గారి బాలింత పథ్యం

గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఒక వినాయక చవితి వెళ్లిన వారానికి, నన్ను బరంపురంలోని ఒక డిస్పెన్సరీకి సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. వైద్య శాఖలో అది అడుగు మెట్టు. పైన అసిస్టెంట్ సర్జన్, ఆ పైన జిల్లా మెడికల్ ఆఫీసరు దొరగారు. రోగులను చూసేది మేము, సర్టిఫికెట్లు ఇచ్చేది వారు.

చేరిన కొత్తలోనే తాలూకా కచేరీ శిరస్తాదారు జగన్నాథరావు గారు వచ్చారు. శిరస్తాదారంటే గుమాస్తాలందరికీ పెద్ద. ఆయన దగ్గితే కచేరీలో కలాలు ఆగిపోయేవి. ఆయనకు తాసీల్దారు పదవి వచ్చే వేళయింది. దీపావళి వెళ్లాక దొరగారు పరీక్ష చేసి, ఆరోగ్యం బాగుందని రాస్తేనే ఆ పదవి; లేకపోతే అదే కుర్చీలోంచి పింఛను. ఆయన భయమంతా చక్కెర జబ్బు గురించే.

అప్పటి పరీక్ష సులువైనది. గాజు గొట్టంలో నీలం ద్రావకం పోసి, కొన్ని చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగితే ముదిరినట్టు. ఆయనది ఇటుకే. పండగల్లో నోరు కట్టుకోమనీ, రాత్రి పూట అన్నం మాని ఫలహారంతో సరిపెట్టుకోమనీ చెప్పాను.

దసరా వెళ్లాక మళ్లీ కాచాను. ఇటుక ఇంకా బాగా కాలింది.

రాత్రిళ్లు మెతుకు ముట్టలేదని ఆయన ప్రమాణం చేశారు. అబద్ధమాడే మనిషి కారు, కానీ గొట్టమూ అబద్ధమాడదు. నాకు ఒళ్లు మండింది. దసరా వెళ్లిన అయిదో నాడు ఒడియా వారు చేసుకునే కుమార పున్నమి సాయంత్రం గేట్ బజార్ వెనకున్న వారింటికి చెప్పకుండా వెళ్లాను. ఆయన విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. మినపరొట్టె, పక్కన బెల్లం పాకం, బూరెలు, పొరుగున ఉన్న ఒడియా వారు పంపిన, కొబ్బరి బెల్లం కూరిన మండా పిఠాలు. అన్నం మాత్రం నిజంగానే లేదు.

తలుపు వార నుంచి ఆయన భార్య అప్పలనరసమ్మ గారు, "మీరు సెప్పినకాడి నుంచి రాత్రేళ అన్నం ఎట్టడం నేదు బాబూ. అన్నీ పలారాలే. ఇంకేటి సెయ్యమంటారు?" అన్నారు.

నేను ఫలహారమన్నది పండో పాలో అనుకుని. మన ఇళ్లలో ఉపవాసం నాడు అన్నం కానిదంతా ఫలహారమే. నా మాట వాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇంతలో వసారాలో ఉయ్యాల కనబడింది. కూతురి పురుడు ఈమధ్యే అక్కడ పోశారని ఆయనే చెప్పి ఉన్నారు.

"అమ్మా, అమ్మాయికి పురిట్లో ఎలా పెట్టారో ఈయనకూ అలాగే పెట్టండి. కాయం లేహ్యం మాత్రం వద్దు, అందులో బెల్లం ఉంటుంది" అన్నాను.

"బాలింత పత్తెమా? ఆ మాట ముందే సెప్పాల బాబూ" అన్నారావిడ. గొంతులో కొత్త అధికారం వినబడింది. జగన్నాథరావు గారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాటి నుంచి ఆయనకు పిడికెడు పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ కూర. అడిగినా మారు వడ్డన లేదు. దీపావళి నాడు ఇంటిల్లిపాదీ అరిసెలు తింటుంటే వాసన చూసి ఊరుకున్నారట.

పరీక్ష నాడు దొరగారి ఎదుట గొట్టం నేనే కాచాను. నీలం నీలంగానే నిలిచింది. దొరగారు సంతకం పెట్టబోతూ ఏదో అడిగారు. జగన్నాథరావు గారు పలకలేదు. మళ్లీ అడిగినా పలకలేదు. దొరగారు కలం కింద పెట్టేశారు. చెవిటివారికి తాసీల్దారీ ఇవ్వరు.

నేను గొట్టం పక్కన పెట్టాను. దగ్గరికి వెళ్లి చూస్తే, తలపాగా కింద రెండు చెవుల్లోనూ దూది. బాలింతకు చలిగాలి సోకకూడదు కదా, అప్పలనరసమ్మ గారు పథ్యంలో ఏదీ వదల్లేదు. దూది తీయించి, ఇది మా చికిత్సలో భాగమని దొరగారికి మనవి చేశాను. ఆయన నమ్మారో లేదో గాని, ఈసారి గుసగుసగా అడిగి, జవాబు విని, సంతకం పెట్టారు.

మందు చీటీ ఏ భాషలో రాసినా పనిచేస్తుంది, పథ్యం మాత్రం వంటింటి మాటల్లో చెప్పాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆపైన సర్వీసు ముగిసేదాకా చక్కెర రోగులకు, మగవారైనా సరే, బాలింత పథ్యమే చెప్పాను. చెవుల్లో దూది అక్కర్లేదని కూడా చెప్పేవాణ్ణి.