పెద్ద విమానాశ్రయంలో మా చిన్న విమానం

పెళ్ళయ్యేనాటికే నాకు విమానం నడిపే లైసెన్సు ఉంది. పెళ్ళిచూపుల రోజు ఆ సంగతి చెప్పాలా వద్దా అని మా నాన్న తటపటాయిస్తుంటే నేనే చెప్పేశాను. పెళ్ళికొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఆయన తల్లి మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి, "పైన పోతా ఉంటే భయం కాదా?" అని అడిగింది.

"కిందికి దిగేటప్పుడు కొంచెం ఉంటుందండీ. పైన ఉండదు" అన్నాను.

"అట్లయితే ఒకసారి నన్నూ తీసుకపో" అంది. సంబంధం ఆ మాటతోనే కుదిరిందని నా నమ్మకం.

మా అత్తవాళ్ళు తాతల కాలంలో మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు వచ్చినవాళ్ళు. ఇల్లు నగర్తపేటలో, గాజుల అంగడి బళేపేటలో. మామగారు పోయాక అంగడి మా అత్తే చూసుకునేది. కన్నడం, తెలుగు, తమిళం, కొంచెం హిందీ, ఏ భాషలో బేరం మొదలుపెట్టినా ఆ భాషలోనే ముగించేది. పొద్దున లేస్తే ఆ ఇరుకు సందులో, ఆ గాజుల గలగలలో ఉండే మనిషి. ఆమె చుట్టాల ఇళ్ళకు పోవడం తప్ప ఊరు దాటింది తక్కువ.

తొంభైల చివర్లో నాకొక ఉద్యోగం దొరికింది. ఒక గ్రానైట్ వ్యాపారికి నాలుగు సీట్ల, ఒంటి ఇంజను విమానం ఉండేది. నలభై దాటాక సరదాపడి నడపడం నేర్చుకున్నాడాయన. తర్వాత చూపు మందగించి వైద్య పరీక్షలో నెగ్గలేకపోయాడు. విమానాన్ని అమ్మడానికి మనసు రాలేదు. దాన్ని జక్కూరులో పెట్టుకుని, క్వారీలకు పోవాల్సినప్పుడల్లా నన్ను పిలిచేవాడు. నేను నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఆకాశం కేసి చూస్తుండేవాడు.

జక్కూరు నేను నేర్చుకున్న చోటే. బెంగళూరుకు ఉత్తరాన చిన్న విమానాశ్రయం, చిన్న రన్‌వే. ఏ మూలన ఏ చెట్టుందో, గాలి ఏ వేళకు ఎటు మళ్ళుతుందో అన్నీ తెలుసు. ఊరికి తూర్పున ఉన్న పెద్ద విమానాశ్రయం మాత్రం నాకు అందరిలాగే తెలుసు. ఎవరినో సాగనంపడానికి పోయి, అద్దాల ఇవతల నిలబడి చేయి ఊపి వచ్చానంతే. పైనుంచి దాన్ని ఎప్పుడూ చూడలేదు.

ఒక వానాకాలంలో ఆ వ్యాపారిని బళ్ళారికి తీసుకెళ్ళాను. క్వారీ పని ఉంది, కొన్నాళ్ళు అక్కడే ఉంటానన్నాడు. విమానం ఖాళీగా తిరిగి రావాలి. మా అత్త అప్పటికి బళ్ళారిలోనే ఉంది, చుట్టాలింట్లో పెళ్ళికని వచ్చింది. ఆ సంగతి మాటల్లో చెబితే ఆయన, "మరి ఖాళీగా ఎందుకు పోతావమ్మా? మీ అత్తగారిని ఎక్కించుకో. పెద్దామె బస్సులో ఏం అవస్థ పడుతుంది?" అన్నాడు.

అత్త పట్టుచీరతో, చేతిలో పెళ్ళివాళ్ళు పెట్టిన లడ్ల సంచితో వచ్చింది. విమానం చుట్టూ ఒకసారి తిరిగింది. రెక్క మీద చేయి వేసి, "ఇంత సన్నగా ఉండాదే" అంది. పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. మైకు మూతి ముందుకు రాగానే, "హలో, హలో" అని చూసుకుంది.

సాయంత్రానికి బెంగళూరులో వాన పడొచ్చని వాతావరణం వాళ్ళు చెప్పారు. మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరితే దానికి చాలా ముందే దిగిపోతామని నా లెక్క. విమానం గాలిలోకి లేచింది. నేల దూరమైంది. అత్త కిటికీకి ముఖం ఆనించి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆ తెల్ల గీత రోడ్డేనా, ఆ పచ్చనిది చెరకా వరా, గుట్టల మీద కనపడేది గుడేనా? పావగడ బండల మీదుగా పోతుంటే మాటలు ఆపి, చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. "దేవుడు ఇట్ల చూస్తాడేమో మనల్ని" అంది చివరకు.

నందికొండ కనిపించే చోటికి వచ్చేసరికి ముందు ఆకాశం రంగు మారింది. వాన నా లెక్క వినలేదు. ఊరి ఉత్తరం వైపంతా నల్లటి తెర దించినట్టుంది, మధ్యమధ్య మెరుపు. జక్కూరుకు రేడియోలో మాట్లాడాను. అక్కడి మనిషి గొంతు వెనక రేకుల మీద వాన మోత వినిపిస్తోంది. "ఇటు రావద్దు. ఏమీ కనపడటం లేదు. గాలి కూడా అడ్డంగా కొడుతోంది" అన్నాడు.

వెనక్కి బళ్ళారికి పోదామంటే అంత దూరానికి ఇంధనం చాలదు. తూర్పు వైపు మబ్బులు పలచగా ఉన్నాయి, వాటి మధ్య నుంచి ఎండ కూడా పడుతోంది. అటు మిగిలింది ఒకటే, పెద్ద విమానాశ్రయం.

"ఏమైంది అమ్మాయీ?" అని అడిగింది అత్త.

"మనం దిగే చోట వాన పడుతోంది అత్తా. వేరే చోట దిగుతాం."

"అక్కడ ముందెప్పుడన్నా దిగినావా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు" అన్నాను.

అత్త నా ముఖం కేసి ఒకసారి చూసింది. చీర కొంగు నడుముకు దోపుకుని, "సరే. నేనేమి చేయాల చెప్పు" అంది.

నా సంచిలో ఆ విమానాశ్రయం పటం ఉంది. తీసి ఆమె చేతికిచ్చి, నాకు కనపడేట్టు పట్టుకోమన్నాను. దారి పొడవునా దాన్ని పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులతో అట్లాగే పట్టుకుంది.

పెద్ద విమానాశ్రయం కంట్రోలర్‌తో మాట్లాడాను. మేమెవరమో, ఎక్కడున్నామో, ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పి, అక్కడ దిగడం నాకిదే మొదటిసారి అని కూడా చెప్పాను. అట్లా చెప్పడం చిన్నతనం కాదని జక్కూరులో మా గురువు నేర్పాడు. కంట్రోలర్ నిదానంగా దారి చెప్పాడు. దేవనహళ్ళి దాటాక వానకు దూరంగా తూర్పుకు మళ్ళి, హొసకోటె పెద్ద చెరువు మీదికి వచ్చి, అక్కడినుంచి పడమరగా తిరగమన్నాడు.

దేవనహళ్ళి కోట గోడ కిందినుంచి జరిగిపోయింది. కుడివైపు వాన అంచున, మబ్బు చీలికలోంచి ఒక రన్‌వే కనిపించింది. పొడుగ్గా, వెడల్పుగా, ఖాళీగా, దిగమని పిలుస్తున్నట్టుంది.

"అదిగో, దిగే తావు ఉండాది కదా!" అని అత్త అరిచింది.

"అది యలహంకలో మిలిటరీవాళ్ళది అత్తా. అడగకుండా దిగకూడదు."

"మిలిటరీవాళ్ళు మనుషులు కారా?"

నవ్వొచ్చింది. కానీ కొత్తవాళ్ళు తడబడేది సరిగ్గా అక్కడే. కంగారులో ముందు కనిపించిన రన్‌వేనే మనదనుకుని దిగేస్తారు. నేను దిక్సూచి చూసి, పటం చూసి, తల తిప్పేసుకుని తూర్పుకు పోయాను. ఆ తల తిప్పుకోవడం చిన్న పనే. అయినా ఆ రోజు చేసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

హొసకోటె చెరువు మీద పడమరకు తిరిగాం. ఎదురుగా ఎండ, పొగమంచులాంటి తడి, కింద ఎటు చూసినా ఇళ్ళు. అంత పెద్ద విమానాశ్రయం ఎక్కడుందో అంతుపట్టలేదు. కనపడటం లేదని చెప్పడానికి మాట్లాడే మీట నొక్కిన క్షణంలోనే అత్త, "అమ్మాయీ, ఆ పక్క పెద్ద చెరువు ఉండాది చూడు, నీళ్ళు మెరస్తా ఉండాయి!" అంది. ఆ మాట కాస్తా రేడియోలో పోయింది. ఆకాశంలో ఉన్న విమానాలన్నీ విని ఉంటాయి.

తర్వాత అదే కంట్రోలర్, ఇంగ్లీషు వదిలేసి చక్కటి తెలుగులో, "అమ్మా, అది బెళ్ళందూరు చెరువు. దానికి కుడిపక్కన చూడమనండి" అన్నాడు.

చూశాను. మబ్బు నీడ జరిగినట్టు జరిగి రన్‌వే బయటపడింది. "కనపడింది" అని ఇంగ్లీషులోనే చెప్పాను.

మా ముందు ఒక పెద్ద జెట్ దిగుతోంది. దాని వెనకే మా వంతు. పెద్ద విమానం పోయిన దారిలో గాలి సుడులు తిరుగుతూ కిందికి జారుతుంది. మాలాంటి చిన్నదాన్ని అది పల్టీ కొట్టించగలదు. అందుకని అది వచ్చిన దారికి పైన ఉంటూ, అది నేల తాకిన చోటు దాటాకే నేను తాకాలి. జెట్ చక్రాల దగ్గర పొగ లేచిన చోటును కళ్ళతో గుర్తు పెట్టుకున్నాను.

ఇంకో చిక్కు రన్‌వే వెడల్పుది. సన్నటి రన్‌వేకు అలవాటైన కంటికి వెడల్పాటిది చూస్తే నేల చాలా దగ్గరికి వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఇంకా ఎత్తులో ఉండగానే విమానం ముక్కు ఎత్తేస్తాం, దబ్బున పడతాం. మా గురువు దీని గురించి చెప్పినప్పుడు, జక్కూరులో కూర్చుని నాకెందుకిదంతా అనుకున్నాను. "అంచులు చూడొద్దు. దూరంగా ఆ చివర చూడు" అనేవాడు. ఆ చివరే చూశాను. చేయి ముక్కు ఎత్తమంటోంది, కన్ను ఆగమంటోంది. ఆగాను. ఇంకొంచెం ఆగాను. అప్పుడు మెల్లగా స్టీరింగ్ వెనక్కి లాగాను. చక్రాలు నేలకు తగిలిన సంగతి చప్పుడును బట్టి తెలిసింది గాని, కుదుపును బట్టి కాదు.

"దిగినామా?" అని అడిగింది అత్త.

"దిగినాం."

"తెలీనే లేదే!"

నేనంత మెత్తగా అంతకుముందు దిగలేదు, ఆ తర్వాత చాలాకాలం దిగలేదు కూడా. కంట్రోలర్ అంతకుముందులా ఇంగ్లీషులో, బాగా దిగారని ఒక్క మాట చెప్పి తర్వాతి విమానం పని చూసుకున్నాడు. ఆ ఒక్క మాట నాకు ఒళ్ళంతా పాకింది. స్టీరింగ్ మీద నా చేతులు చూసుకున్నాను. మామూలు చేతులే, గోళ్ళ కింద ఇంజను నూనె మరక. ఆ రోజు నా చేతులు నాకు ముద్దొచ్చాయి.

ఒక జీపు ముందు పోతుంటే దాని వెనకే పోయి, పెద్ద విమానాల మధ్య ఆగాం. మా రెక్క పక్కవాటి చక్రాల ఎత్తుకు కొంచెం పైన ఉందంతే. అత్త పట్టుచీర సర్దుకుని, లడ్ల సంచి చంకన పెట్టుకుని దిగింది. కాళ్ళు నిలదొక్కుకుని, చుట్టూ చూసి, "ఇదంతా గాజుల అంగడికన్నా సద్దుగా ఉండాదే" అంది.

బయటికి పోయే గేటు దగ్గర ఒక పోలీసు ఆపాడు. పట్టుచీర కట్టుకున్న పెద్దామె, పక్కన నలిగిన చొక్కా ప్యాంటులో నేను. ఏ విమానంలో వచ్చారని కన్నడంలో అడిగి, టికెట్టు చూపించమన్నాడు. నేను జేబులోంచి లైసెన్సు తీయబోతున్నాను.

అత్త నాకంటే ముందు అందుకుంది. "టికెట్టు ఏమిటికప్పా? నా కోడలే తోలుకోనొచ్చింది."

అతనికి తెలుగు అర్థమైంది కాని, మాట అర్థం కాలేదు. "ఏం తోలుకొచ్చింది?" అన్నాడు.

అత్త వెనక్కి తిరిగి, ఆ పెద్ద విమానాల నడుమ నిలబడ్డ మా చిన్నదాన్ని వేలెత్తి చూపించింది. "అదీ!"

అతను దాని కేసి చూశాడు, నా కేసి చూశాడు. నా లైసెన్సు తీసుకుని ఫొటోను, నా ముఖాన్ని పోల్చి చూసుకున్నాడు. తిరిగిచ్చేటప్పుడు, "నమ్మ ఊరివారేనామ్మా?" అని, అంటే మన ఊరివాళ్ళేనా అని, సగం కన్నడం, సగం తెలుగులో అడిగాడు.

"నగర్తపేట" అన్నాను.

అతను గేటు తీశాడు. అత్త సంచి విప్పి అతని చేతిలో ఒక లడ్డు పెట్టింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే నగర్తపేట సందుల్లో మోకాలి లోతు నీళ్ళు. అత్త ఆ నీళ్ళలోనే దిగి, ఇంట్లోకి పోకుండా మొదట ఎదురింటి తలుపు తట్టింది. ఆ వారమంతా బళేపేట అంగడిలో గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు మొదట ఆ కథ వినాల్సి వచ్చింది. మబ్బులు, మెరుపులు రోజురోజుకు పెద్దవయ్యాయి. దిగిన పద్ధతి మాత్రం ఆవిడ ఎప్పుడూ మార్చి చెప్పలేదు. "తెలీనే లేదు. పూలబుట్ట దించినట్టు దించె" అనేది. మా ఆయన కూడా అంగడిలో స్టూలు మీద కూర్చుని ఆ కథ మళ్ళీ మళ్ళీ విన్నాడు, ప్రతిసారీ నా కేసి చూసి నవ్వాడు.

విమానం ఓనరు బళ్ళారి నుంచి వచ్చాక నేను అన్నీ వివరంగా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. జెట్ వెనక ఎట్లా వచ్చావు, ఎక్కడ తాకావు అని మాత్రం అడిగాడు. తర్వాత కొంచెంసేపు అద్దాలు తుడుచుకున్నాడు.

"నేను నడిపినన్నాళ్ళూ అక్కడ దిగాలని ఉండేదమ్మా. ధైర్యం చాలలేదు. ఏదో ఒక సాకు చెప్పుకుని జక్కూరుకే వచ్చేవాడిని" అన్నాడు. "ఈసారి అనుమతి తీసుకుని నన్ను అక్కడికి తీసుకుపో. నువ్వు దించు, నేను చూస్తాను."

మబ్బు లేని ఒక ఉదయం ఇద్దరం పోయాం. ఆయన పక్క సీట్లో కూర్చుని, నేను ఏం చేయబోతున్నానో ముందే బయటికి చెప్పమన్నాడు. చెప్పుకుంటూ వచ్చాను, చెరువు, మలుపు, ఎత్తు, వేగం. ఆఖర్న నేను చెప్పడం ఆపి దూరంగా రన్‌వే చివర చూస్తుంటే, ఆయన కూడా ఊపిరి బిగపట్టి అటే చూస్తున్నాడు.