131071కి దగ్గరి దారి

మొన్న కంటి పరీక్షకు వెళ్లి ఆసుపత్రి వరండాలో కూర్చుంటే, ఆయా నేల మీద ఫినాయిల్ నీళ్లు చల్లింది. ఆ ఘాటుకు నాకు 1963 నాటి నిజామాబాద్ గుర్తొచ్చింది, ఆ వెంటనే ఎస్తేరు టీచర్. బోధన్ బడిలో మాకు లెక్కలు చెప్పేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, "మల్ల జెయ్యి" అనేవారు, అంతే.

ఆ ఏడు చెరకు నరికే రోజుల్లో మా అవ్వకు, అంటే అమ్మకు, టైఫాయిడ్ వచ్చింది. మా ఊరు ఎడపల్లి నుంచి నాన్నా నేనూ నిజామాబాద్ పెద్దాసుపత్రికి తెచ్చాం. మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. నాకు పద్నాలుగేళ్లు, లోపలికి రానివ్వలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నర్సు వెంటపడి అవ్వ ఎట్లుందని అడిగేదాన్ని. సంగతి తెలిసి టీచర్ బస్సెక్కి వచ్చారు. సంచిలోంచి పలక తీసి 131071 అని రాశారు. పదిహేడు రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చమన్నారు. 363ను 363తో గుణిస్తే దీన్ని దాటిపోతుంది కనుక, 362 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి డెబ్బై రెండు.

మెట్ల మీద కూర్చున్న మా బాపు అడిగాడు: "లెక్కలు జేస్తే జరం దిగుతదా టీచరమ్మా?"

"దిగదన్నా. ఆ నర్సుకు జర నిమ్మళమైతది."

బాపు నవ్వాడు. ఆసుపత్రికి వచ్చాక అదే మొదలు.

రోజూ సాయంత్రం టీచర్ వచ్చి, కళ్లు మూసుకుని అవ్వ కోసం ప్రార్థన చేసి, కళ్లు తెరిచి పలక అడిగేవారు. 127తో భాగిస్తే ఏమీ మిగల్లేదని ఒకసారి చూపించాను. మళ్లీ చేయమన్నారు. ఏడు మిగిలింది. మూడో రోజు 283 దగ్గర ఉండగా నర్సే నా దగ్గరికి వచ్చి, అవ్వ గంజి అడుగుతోందని చెప్పింది. మిగతావి మర్నాడు అవ్వ మంచం పక్కన కూర్చుని చేశాను. 131071 ఒక్కదానికీ లొంగలేదు. జ్వరానికీ ఆ సంఖ్యకూ సంబంధం లేదని నాకు తెలుసు.

టీచర్ల ట్రైనింగ్‌లో ఉండగా ఒక సంగతి చదివాను. ఆ సంఖ్యను ఏ ప్రధాన సంఖ్యయినా భాగించాలంటే, ఆ ప్రధాన సంఖ్యను 34తో భాగించినప్పుడు ఒకటి మిగలాలి. 362 లోపు అలాంటివి నాలుగే: 103, 137, 239, 307. నాలుగు భాగహారాలతో తేలిపోయే లెక్క! కోపంగానే బోధన్ వెళ్లాను.

"టీచర్, మీకు గిది అప్పుడు ఎర్క లేదా?"

"ఎర్కనే."

"మరి చెప్పకపోతిరి?"

చాయ్ వడపోస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు: "నాల్గు లెక్కలు ఎంతసేపు బిడ్డా? మీ అవ్వకు మూడు దినాలు గావాలె."

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు నేనూ లెక్కలు చెప్పాను. దగ్గరి దారిని ఏ పిల్లకూ దాచలేదు. కాని చెప్పే ముందు ఒకసారి ముఖంలోకి చూసేదాన్ని, ఈ పిల్లకు కావలసింది జవాబా, లేక కాసేపు తల దాచుకునే చోటా అని.